పెద్ద బాక్సు ఈఎంఐలో కొనొద్దు, ఇంట్లో ఉన్న సెట్టునే బాగు చేసుకుందాం

పోస్టు కొంచెం పెద్దది. పండక్కి ఇళ్ళకి వెళ్ళే ముందు ఓపిగ్గా చదవండి.

బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మన ఎరుకల, యానాది, సుగాలి ఇళ్ళల్లో ఈమధ్య ఒకటి చూస్తున్నా. కోతల డబ్బు చేతికి రాగానే చక్రాలున్న పెద్ద పార్టీ స్పీకరు ఒకటి ఇంటికి వస్తోంది, అదీ ఈఎంఐ మీద. పాటలు వినడం తప్పని నేను అనను. ఒకప్పుడు పక్క వీధిలో టీవీ మోగుతుంటే గుమ్మం బయట నిలబడి విన్నవాళ్ళం. మనింట్లో మన పాట గట్టిగా మోగాలని ఎవరికి ఉండదు? ఆ కోరిక నాకూ ఉంది. ఆ కోరికకి అప్పు అక్కర్లేదనే చెప్తున్నా.

లెక్క చూడండి. 15,000 బాక్సు 12 నెలల కిస్తీ అంటే వడ్డీ లేకపోయినా నెలకి 1,250. కోతలున్న నెలలో కట్టేస్తాం. పనుల్లేని నెలలో? కిస్తీ తప్పితే అప్పిచ్చిన కంపెనీ ఒక ఛార్జీ, బ్యాంకు ఇంకో ఛార్జీ వేస్తాయి. అది నాన్న పేరు మీద సిబిల్‌లో పడుతుంది. రేపు చెల్లి చదువుకి లోను అడిగితే బ్యాంకువాళ్ళు చూసేది ఆ పేరే. ఇంట్లో మొదట కాలేజీకి వచ్చింది మనమే కాబట్టి ఈ సంగతి ఇంట్లో చెప్పాల్సింది కూడా మనమే.

ఇప్పుడు వాట్ల సంగతి. డబ్బా మీద వేలల్లో వాట్లు రాసి, పక్కన చిన్న అక్షరాలతో పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెని నమ్మొద్దు. ఆర్ఎంఎస్ అని రాసిందే చూడండి. లోకల్ సెట్లలో ఎక్కువగా కనిపించే టీడీఏ2030 చిప్ ఒక్కోటి నిజంగా ఇచ్చేది పది పదిహేను వాట్లే. పైగా వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు కాదు, పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా వినపడాలంటే సుమారు పదింతల పవర్ కావాలి. ఒక్క గది ఇంట్లో ఇరవై వాట్లు మంచివైతే చాలు, ఇంకా మిగులుతాయి.

పాత సెట్టు బాగుచేయాలంటే నేను చెప్పే వరస ఇది.

మొదటిది పైసా ఖర్చు లేనిది. బాక్సుల్ని నేల మీద, మూలన పెట్టొద్దు. మూలన పెడితే బేస్ బుంగలో మోగినట్టు మోగి మాట మింగేస్తుంది. గోడకి జానెడు ముందుకి జరిపి, కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్ళ మీదో ఇటుకల మీదో పెట్టండి. కాలనీ ఇళ్ళల్లో వట్టి గోడలకి శబ్దం తగిలి గింగురుమంటుంది. ఎదురు గోడకి పాత బొంత వేలాడదీయండి, తేడా మీకే తెలుస్తుంది.

రెండోది వైర్లు. ఒక బాక్సుకి ప్లస్, మైనస్ తారుమారైతే బేస్ పల్చబడుతుంది, గొంతు మధ్యలోంచి రాదు. గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు తీసుకుని స్పీకరు వైర్లకి ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కి తగిలితే కోను బయటికి రావాలి. రెండు బాక్సులూ ఒకేలా కదలాలి.

మూడోది స్పీకర్లు. కోను చిరిగినా, అంచు ఊడినా ఎంత మంచి యాంప్లిఫయరు పెట్టినా బరబరే. చెక్క పెట్టె బాగుంటే దాన్ని ఉంచి లోపలి స్పీకరు మాత్రం మార్చండి, సైజు, ఓములు పాతదాంతో సరిపోవాలి.

యాంప్లిఫయరు చివర్న. మా ఇంట్లో పాతది వట్టి గుయ్‌మనే చప్పుడు చేస్తోందని దాని బదులు టీపీఏ3116 బోర్డు పెట్టాను. పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల చార్జరుతో నడుస్తుంది. 8 ఓముల స్పీకర్లకి పక్కకి ఇరవై వాట్ల దాకా ఇస్తుంది. ఒక్క జాగ్రత్త: ఈ బోర్డులో రెండు స్పీకర్ల మైనస్ వైర్లు ఒకదానితో ఒకటి కలపకూడదు, కలిపితే బోర్డు పోవచ్చు. నాకు బోర్డు 450, స్పీకర్ల జత 800, వాడిన చార్జరు 300, వైర్లు 100. మొత్తం 1,650. షాపుని బట్టి అటూ ఇటూ అవుతుంది. రేపల్లె వాళ్ళకి తెనాలికి రైలుంది, బాపట్ల వాళ్ళకి మెయిన్ లైనే ఉంది. తెనాలిలో రిపేరు షాపులు నాలుగు తిరిగి అడగండి.

ఇక మన వాళ్ళకి మాత్రమే చెప్పాల్సిన మాట. పాత సామాను కొంటే బిల్లు లేకుండా తేవద్దు. నాకు తెలిసిన ఒక తమ్ముడు పాత యాంప్లిఫయరు సంచిలో పెట్టుకుని వస్తుంటే ఆపి, "ఎక్కడిదిరా ఇది?" అని రెండు గంటలు కూర్చోబెట్టారు. అదే సంచి వేరే వాళ్ళ చేతిలో ఉంటే అడిగేవాళ్ళా? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు వైపుకీ తెచ్చారు. అది 1952లో రద్దయింది. స్టువర్టుపురం అనగానే ముఖం మారే వాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. తప్పు మనది కాదు, అయినా కాగితం మన జేబులో ఉండాలి. తేదీ, సామాను పేరు, షాపు నంబరు రాయించుకోండి. బిల్లు ఇవ్వనంటే ఫోన్‌పేలో కట్టి, షాపు బోర్డు దగ్గర సామానుతో ఫోటో తీసుకోండి. చవగ్గా వస్తోంది కదా అని రోడ్డు మీద ఎవరి దగ్గరా కొనొద్దు.

హాస్టల్లో కొందరు అన్నలు "పాటలెందుకు, చదువుకోండి" అంటారు. ఆ మాటతో నేను ఒప్పుకోను. మా అమ్మమ్మ మా ఎరుకల బాసలో పాడేది ఫోన్లో రికార్డు చేశాను. ఆ బాసకి సొంత లిపి లేదు, గొంతే దానికి పుస్తకం. ఫోన్ స్పీకర్లో సగం మాటలు పోతాయి. బాగుచేసిన సెట్లో పెడితే ఇంట్లో పిల్లలు ఒక్కో మాటకీ అర్థం అడిగారు. గుండెలదిరే బేస్‌లో ఆ మాటలు వినపడవు. మనకి కావాల్సింది గొంతు స్పష్టంగా పలికే సెట్టు, అది మన కూలి డబ్బుకి అందుతుంది.

ఈ పండక్కి కొత్త కిస్తీ ఎత్తుకోకండి. అటక మీద పాత సెట్టు ఉంటే దించి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఎక్కడ పోయిందో కలిసి చూద్దాం. వైరింగ్ తెలిసిన ఐటీఐ తమ్ముళ్ళు కూడా ఒక చెయ్యి వేయండి.