గుండెకు పథ్యం నోటితోనే కాదు, మనసుతోనూ

గుండె జబ్బు వచ్చిందని తెలియగానే మన ఇళ్లలో మొదట జరిగే పని ఏమిటో మీకు తెలుసు. బిర్యానీ డేగిసా అటకెక్కుతుంది. నెయ్యి, వేటమాంసం, ఊరగాయ అన్నీ ఆ రోజు నుంచే బంద్. ఉప్పు డబ్బా రోగికి అందనంత దూరం జరుగుతుంది. రోగి పళ్లెంలో ఏముందో ఇంటిల్లిపాదీ కనిపెట్టి చూస్తారు. రోగి మనసులో ఏముందో చూసేవారు మాత్రం ఒక్కరూ ఉండరు.

బళ్లారిలో బట్టల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. గుండెకు స్టెంట్ వేయించుకున్నారు. చప్పిడి కూడు తింటున్నారు, మాత్రలు వేళకు వేసుకుంటున్నారు. అయినా బి.పి. అదుపులోకి రావడం లేదు, రాత్రిళ్లు నిద్ర లేదు. అడగ్గా అడగ్గా అసలు విషయం బయటపడింది. తండ్రిగారి ఇంటి వాటా దగ్గర తమ్ముడితో తగాదా. ఆరేళ్లుగా మాటల్లేవు. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే మసీదు. రోజూ ఎదురుపడడమే, ఎదురుపడినప్పుడల్లా రక్తం ఉడకడమే. ఆయన ఉప్పు మానేశారు గానీ పగ మానలేదు.

పాఠకులారా! ఇది ఆయన ఒక్కరి కథేనా? మన కుటుంబాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని లేవు?

యునానీ ఏం చెబుతోంది?

మనిషి ఆరోగ్యం 6 విషయాల మీద నిలబడి ఉందని యునానీ వైద్యం చెబుతుంది. వీటిని ‘అస్బాబె సిత్తా జరూరియా’ అంటారు. గాలి, అన్నపానీయాలు, శరీర శ్రమ - విశ్రాంతి, మనసు కదలిక - విశ్రాంతి, నిద్ర - మెలకువ, శరీరంలో ఉండవలసినవి ఉండడం - పోవలసినవి పోవడం. గమనించండి, తిండి ఎంత ముఖ్యమో మనసు కూడా అంతే ముఖ్యమని హకీములు ఒకే వరుసలో కూర్చోబెట్టారు. మనం మాత్రం తిండి ఒక్కదాన్నే పట్టుకుని మిగతావి వదిలేశాం.

కోపం వచ్చినప్పుడు ప్రాణశక్తి (రూహ్) గుండె నుంచి ఒక్కసారిగా బయటికి ఉరుకుతుందని, భయంలో ఒక్కసారిగా లోపలికి పారిపోతుందని, దుఃఖంలో మెల్లమెల్లగా లోపలికి ముడుచుకుంటుందని, సంతోషంలో మెల్లగా బయటికి విచ్చుకుంటుందని వారు వివరించారు. కోపంలో ముఖం ఎర్రబడడం, భయంలో పాలిపోవడం, చేతులు చల్లబడడం మనం చూస్తున్నదే కదా!

ఇబ్నె సీనా (980-1037) గుండె మందుల మీద ‘అల్ అద్వియతుల్ ఖల్బియా’ అనే గ్రంథం ప్రత్యేకంగా రాశారు. మందుల పుస్తకమే అయినా, సంతోషం ఎందుకు కలుగుతుంది, దుఃఖం ఎందుకు కలుగుతుంది అన్న చర్చకు అందులో పెద్ద పీట వేశారు. ఆయనకు ముందే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ తన గ్రంథంలో ఒక భాగం శరీరానికి, ఒక భాగం మనసుకు కేటాయించి కోపం, భయం, దుఃఖం, వస్వసాల గురించి విడివిడిగా రాశారు. మనసు జబ్బు అంటే సిగ్గుపడే మనం, వెయ్యేళ్ల నాటి ఆ పెద్దల కన్నా వెనకబడి ఉన్నామని ఒప్పుకోవాలి.

నేటి వైద్యం ఏమంటోంది?

ఆనాటి పరిభాష వేరు, ఈనాటి పరిభాష వేరు. రెండూ అక్షరాలా ఒకటేనని నేను అనను. అయితే దారి మాత్రం ఒకే వైపు చూపిస్తోంది. కోపం, భయం కలిగినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి. గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. అంటే గుండెకు పని ఎక్కువైన సమయంలోనే దానికి అందే రక్తానికి దారి ఇరుకవుతుందన్నమాట. నాళాల్లో ముందే కొవ్వు పేరుకున్న వారికి ఇది ప్రాణాపాయం.

2024లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో 280 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. వారిలో కొందరిని, తమకు కోపం తెప్పించిన సంఘటనను 8 నిమిషాలు గుర్తు తెచ్చుకోమన్నారు. ఊరికే గుర్తు తెచ్చుకున్నందుకే వారి రక్తనాళాలు విచ్చుకునే శక్తి తగ్గింది, ఆ ప్రభావం 40 నిమిషాల వరకు నిలిచింది. రోజుకు పదిసార్లు పాత తగాదాలు తవ్వుకునే వారి గతి ఏమిటో మీరే ఆలోచించండి.

52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం 2004లో వెలువడింది. గుండెపోటుకు ముఖ్య కారణాలుగా అది తేల్చిన తొమ్మిదింటిలో పొగాకు, బి.పి., షుగర్‌లతో పాటు మానసిక ఒత్తిడి, కుంగుబాటు కూడా ఉన్నాయి. ఇక అయినవాళ్లు పోయిన దుఃఖంలో గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడే జబ్బును 1990లో జపాన్ వైద్యులు గుర్తించి ‘టాకొట్సుబో’ అని పేరు పెట్టారు. ఇది ఎక్కువగా ముట్లుడిగిన స్త్రీలలో కనిపిస్తుంది. ‘గుండె పగిలింది’ అని మన పెద్దవాళ్లు అన్న మాట వట్టి మాట కాదు సుమా!

సబ్ర్ అంటే మింగడం కాదు

ఇక్కడ ఒక మాట కటువుగానే చెప్పాలి. మన ఇళ్లలో సబ్ర్ అనే పవిత్రమైన మాటను తరచుగా ఒకరి నోరు మూయించడానికి వాడుతున్నాం. మగవాడు కేకలేస్తే అది కోపం, ‘ఆయన స్వభావమే అంత’ అంటాం. కోడలు కంటతడి పెడితే ‘సబ్ర్ చెయ్యి బేటీ’ అంటాం. ఆమె మింగుతూనే ఉంటుంది. ఏళ్లు గడిచాక ఆయాసం, నీరసం, వెన్నులో నొప్పి అంటే ‘గ్యాస్ అయి ఉంటుంది’ అని సోడా ఇచ్చి పడుకోబెడతాం.

స్త్రీలకు గుండెపోటు ఒక్కోసారి ఛాతీలో పెద్ద నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, దవడ నొప్పి, వెన్ను నొప్పి, విపరీతమైన అలసటగా రావచ్చు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఖమీరాలు, కషాయాలు ఆ సమయంలో పనికి రావు.

నా అభిప్రాయంలో సబ్ర్ అంటే నిలదొక్కుకోవడం, ఉన్న బాధను లేదని నటించడం కాదు. కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారన్నది మనకు తెలిసిన విషయమే. ఆయన ఏడ్చినప్పుడు మన ఆడపిల్లలు ఏడవకూడదా? మన మగపిల్లలు ఏడిస్తే తప్పేమిటి? చేయి చేసుకునే ఇంట్లో ఉన్న ఆడపడుచుకైతే సబ్ర్ కాదు, సహాయం కావాలి. ఆమె పక్షాన నిలబడడం పుట్టింటి పెద్దల బాధ్యత.

మరి ఏం చేయాలి?

కోపానికి: నిలబడి ఉంటే కూర్చోండి, అప్పటికీ తగ్గకపోతే పడుకోండి, వుజూ చేయండి, మౌనంగా ఉండండి అన్న ప్రవచనాల బోధ మనకు ఉంది. భంగిమ మారి, శ్వాస నెమ్మదిస్తే గుండె వేగమూ నెమ్మదిస్తుంది. గాలి తీసుకునే దానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండేలా 10 సార్లు చేయండి. జవాబు ఆ తర్వాత చెప్పండి.

దుఃఖానికి: ఒంటరిగా ఉంచకండి. చావు ఇంట్లో 3 రోజులు జనం నిండి ఉంటారు, నాలుగో రోజు నుంచి పలకరించే దిక్కుండదు. అసలు అవసరం అప్పుడే. దుఃఖంలో ఉన్నవారికి పెట్టే తల్‌బీనా, అంటే బార్లీ పిండితో కాచిన పల్చని గంజి, తేలికగా అరుగుతుంది. ఆ గిన్నె పట్టుకుని వెళ్లి కాసేపు కూర్చునే మనిషే సగం మందు.

దిగులుకు: తెల్లవారుజామున నమాజు తర్వాత మళ్లీ పడుకోకుండా అరగంట నడవండి. గుండె రోగులు ఎంత నడవాలో డాక్టరును అడగండి. రాత్రి భోజనం తొందరగా ముగించి, వేళకు నిద్రపోండి. గుట్కా, బీడీ దిగులును తీర్చవు, గుండెను తీస్తాయి. రెండు వారాలకు మించి ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా వైద్య సహాయం తీసుకోండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

మందుల విషయం: గుండెకు బలాన్ని, మనసుకు ఉల్లాసాన్ని ఇస్తాయని యునానీ చెప్పే ‘ముఫర్రహ్’ మందుల్లో ఖమీరా అబ్రేషమ్, ఖమీరా గావ్‌జబాన్ మీరు వినే ఉంటారు. ఖమీరాలు పంచదార పాకంతో చేసేవి, షుగర్ ఉన్నవారు జాగ్రత్త. సర్పగంధ బి.పి. తగ్గిస్తుందని విని సొంతంగా వాడేవారున్నారు. అది కొందరిలో మనసును మరింత కుంగదీయగలదు. కనుక అర్హత గల హకీమును చూడకుండా ఏదీ వాడవద్దు. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఎవరు చెప్పినా ఆపవద్దు. బెంగళూరులో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. చెన్నై రాయపురంలో, ఒడిశాలోని భద్రక్‌లో, ముంబైలో ప్రభుత్వ యునానీ పరిశోధనా కేంద్రాలు ఉన్నాయి. అక్కడ చూపించుకోండి.

పగకు: సోదరుడితో 3 రోజులకు మించి మాటలు మానవద్దన్నది మన ధర్మం పెట్టిన గడువు. ఇంతకన్నా మంచి మోతాదు ఏ వైద్యుడు రాయగలడు? వాటా కావాలంటే పెద్దమనుషుల ముందో, కోర్టులోనో అడగండి. హక్కు వదులుకోమని ఎవరూ అనడం లేదు. సలాం మాత్రం వదలకండి.

బళ్లారి పెద్దమనిషి ఒక జుమా రోజున తానే ముందు సలాం చెప్పారు. తమ్ముడు బదులు పలికాడు గానీ ఆగలేదు. మరుసటి వారం ఆగాడు. వాటా సంగతి ఇంకా తేలలేదు. ఆయన మాత్రలు ఇంకా వేసుకుంటున్నారు, వేసుకోవాలి కూడా. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోందట.

ఈ వారం మీరు మీ ఇంట్లో నూనె కొలిచే ముందు ఒక్క క్షణం ఆగి, ఎవరితో మాటలు మానేశారో, ఎవరి కన్నీళ్లను సబ్ర్ పేరుతో ఆపేశారో గుర్తు తెచ్చుకోండి. పథ్యం అక్కడి నుంచి మొదలు పెట్టండి.