పాత దూలం... ఇరవై ఏడు ముక్కలు

ఇరవై ఏడు చెక్కముక్కలు. అన్నీ ఒకే కొలత. పక్కనే ఓ పెట్టె. ముక్కలన్నీ అందులో సర్ది మూత పెట్టాలి... అంతే!

ఇదీ ఓ ఆటేనా అనిపిస్తుంది. మొదటి ఇరవై ముక్కలూ చకచకా వెళ్లిపోతాయి కూడా. తర్వాతే ఉంది తమాషా. లోపల అక్కడక్కడా ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, చేతిలో ముక్క మాత్రం పట్టదు. పండక్కి ఊరెళ్తూ సూట్‌కేసు సర్దుకున్నట్టే. కాకపోతే దీనిమీద కూర్చుని మూత బిగించే వీల్లేదు!

ఈ చిక్కు పెట్టె వెనకున్నది డీన్ హాఫ్‌మన్ అనే గణితవేత్త. 1978లో దీన్ని ప్రతిపాదించాడు. ముక్క కొలతలు 4, 5, 6 సెంటీమీటర్లయితే పెట్టె లోపలి కొలత ఆ మూడింటి మొత్తం, అంటే అన్నివైపులా 15. లెక్కేస్తే ముక్కలన్నీ కలిపి 3,240 ఘన సెంటీమీటర్లు, పెట్టె 3,375. మిగిలే ఖాళీ 135. ఒక్కో ముక్క 120 కాబట్టి ఇరవై ఎనిమిదోది కూడా పట్టాలిగా? పట్టదు. ఇరవై ఏడు పట్టించడమే గొప్ప. ఇంటర్లో బట్టీపట్టిన అంకమధ్యమం, గుణమధ్యమం గుర్తున్నాయా? మొదటిది రెండోదానికన్నా ఎప్పుడూ తక్కువ కాదన్న సూత్రమే ఇక్కడ చెక్కరూపంలో చేతికొస్తుంది. తిప్పి చూసినవీ, అద్దంలో ప్రతిబింబాల్లాంటివీ వదిలేస్తే దీనికి 21 పరిష్కారాలున్నాయి.

ఇంతకీ ఇలాంటివి చేసేవాళ్లలో కొందరు పాత కలపే కావాలంటారెందుకు? కొత్త చెక్కను నమ్మలేక! పచ్చిదనం ఆరేకొద్దీ అది అడ్డంగా కుంచించుకుపోతుంది, ఒక్కోసారి మెలి తిరుగుతుంది. పొడవునా మాత్రం దాదాపు మారదు. అంటే ఈరోజు 4, 5, 6గా కోసిన ముక్క కొన్నాళ్లకు ఆ కొలతల్లో ఉండదు. కూల్చిన ఇళ్ల టేకు దూలాలూ, ద్వారబంధాలూ ఆ మార్పులన్నీ దశాబ్దాల కిందటే చూసేసి ఉంటాయి. అలాగని పూర్తిగా మొద్దుబారిపోవు. వానాకాలంలో ఎంత పాత తలుపైనా బిగుసుకోవడం తెలిసిందేగా. అందుకే కోసే ముందు చెక్కను కొన్ని వారాలు ఇంట్లోనే ఉంచాలి.

పాత కలపతో ఓ బెడదా ఉంది... మేకులు. తలలు విరిగి లోపలే ఉండిపోయినవి పైకి కనిపించవు. రంపం పళ్లు పోయాక గానీ తెలియదు. అయస్కాంతంతో ముందే తడిమి చూసుకుంటే మేలు. చెక్కలో గీతలు నడిచే దిశలో 6 సెంటీమీటర్ల వైపు వచ్చేలా కోస్తే కొలత నిలుస్తుంది. ఇక చిత్రిక పట్టేటప్పుడూ, గరుకు కాగితంతో రుద్దేటప్పుడూ ఓపిక కావాలి. ఒక్కో ముక్క అర మిల్లీమీటరు లావైనా వరసకు మూడు ముక్కలు కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరిగినట్టే. ఇక మూత పడదు.

పోనీ పెట్టెనే వదులుగా చేస్తే? ఒకటి రెండు మిల్లీమీటర్లయితే పర్లేదు. 16 సెంటీమీటర్లకు చేరిందా, 4 సెంటీమీటర్ల ముక్కలు వరసకు నాలుగు పట్టేస్తాయి. ఇక చిక్కేముంది? దుకాణాల్లో బొమ్మల్లా అమ్మే వదులు పెట్టెలు ఒకట్రెండు ప్రయత్నాల్లోనే తేలిపోతే అది కొన్నవాళ్ల తెలివి అనుకోనక్కర్లేదు.

చెక్కదాకా వెళ్లేముందు అట్టముక్కలతో చూడొచ్చు. 4, 5 సెంటీమీటర్ల కొలతతో నాలుగు దీర్ఘచతురస్రాలు కత్తిరించండి. 9 సెంటీమీటర్ల చదరంలో, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా, గాలిపటం తోకలా ఒకే వరసలో కాకుండా గాలిచక్రం రెక్కల్లా సర్దండి. సరిగ్గా నడిమధ్యలో ఒక సెంటీమీటరు చదరం ఖాళీ మిగులుతుంది. పెట్టెలో ఎక్కడ ఖాళీ వదలాలో వెతకడం అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు.