కిరాయి హంతకుడూ, కూలి ఇచ్చినవాడూ

నరసాపురం దగ్గర ఒక పల్లెలో లేసు అల్లే స్త్రీలను కలవడానికి వెళ్ళినప్పుడు టీవీలో 'అతడు' నడుస్తోంది. 2005 నాటి ఆ సినిమాను టీవీ వాళ్ళు ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. అక్కడున్న ఎనిమిది మందికీ మాటలన్నీ కంఠతా వచ్చు. చేతులు సూదిని వదలవు, కళ్ళు తెరను వదలవు. నాతో వచ్చిన మిత్రురాలు ఇబ్బందిపడి, "ఈ హింస చూస్తూ హక్కుల గురించి ఏం మాట్లాడతాం? ఆపెయ్యమందామా?" అంది. నేను వద్దన్నాను. నిజానికి నాకూ చూడాలనే ఉంది.

చంపడం వృత్తిగా బతుకుతూ, మనసు ఒప్పక నలిగిపోయే మగవాడి కథలు మనకు కొత్తకాదు. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన 'అంతం'లో నాగార్జునది అటువంటి పాత్రే. పెద్ద హీరోలు లేకుండా చవకగా తీసినవీ, అరవం నుంచి డబ్బింగైనవీ ఇప్పటికీ మధ్యాహ్నం పూట టీవీల్లో వస్తూనే ఉన్నాయి. వీటిని ఇష్టపడే స్త్రీలు పితృస్వామ్య భావజాలానికి లొంగిపోయారని తీర్పు చెప్పడం మనకు తేలిక. వాళ్ళు అందులో ఏం చూస్తున్నారని మాత్రం అడగం.

అడిగితే తుపాకీ గురించి ఎవరూ చెప్పలేదు. 'అతడు'లో నందుకు వెనకా ముందూ ఎవరూ లేరు. అంటే కట్నం అడిగే తల్లి లేదు, కులం గొప్ప చెప్పుకునే తండ్రి లేడు. చనిపోయిన ఒక కుర్రాడి పేరుతో ఆ ఇంట్లో చేరి, ఇంటివాళ్ళ కష్టం తన మీద వేసుకుంటాడు. "అబద్ధమాడి వచ్చినోడే మన మగోళ్ళకన్నా మర్యాదగా ఉన్నాడండి" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. ఈ నవ్వును లొంగుబాటు అనడానికి నాకు మనసొప్పదు.

వారిలో పెద్దావిడ అన్న మాట ఇంకా ముఖ్యమైనది. "ఆడు కూలోడండి బాబూ. డబ్బులెట్టినోడెవడో సూడాలి గానీ."

ఈమెకు ఆ సంగతి అనుభవంలో తెలుసు. అల్లినదాన్నిబట్టి కూలి, మధ్యలో ఏజెంటు, ఆ పైన ఎవరో. ఈ లేసు స్త్రీల గురించి మరియా మీస్ 1982లో రాసిన పుస్తకం చెప్పింది ఇదే: ఇంట్లో కూర్చున్న గృహిణి తీరిక పనిగా చూపితే, ఆ శ్రమమీద లాభపడేవాడు కనబడడు. సినిమా హంతకుడికీ బేరం మధ్యవర్తి ద్వారానే వస్తుంది.

డబ్బిచ్చినవాణ్ణి ఈ సినిమాలు అసలు చూపవని కాదు. చూపితే అతడు రాజకీయ నాయకుడో, ముఠా నాయకుడో అవుతాడు. 'అతడు'లోనూ అంతే. ఇంటి పెద్ద మాత్రం కాడు.

మిర్యాలగూడలో అయ్యాడు. 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకువెళ్ళి వస్తున్న దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆ భార్య తండ్రే కోటి రూపాయలకు బేరం కుదుర్చుకున్నాడని పోలీసులు చెప్పారు. అతను 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు నరికినవాడికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం వేసింది. (ఉరిశిక్షను నేను సమర్థించను, అది వేరే చర్చ.) బేరం పెట్టిన మనిషి మాత్రం తీర్పు వినలేదు. ఈలోగా 2020లోనే వర్మ పేరుమీద 'మర్డర్' వచ్చింది. కూతురి మీద ప్రేమతో అల్లాడే తండ్రి కథగా దాన్ని ప్రచారం చేశారు. 'అంతం'లో హంతకుడికి దక్కిన అంతర్మథనం ఈసారి డబ్బిచ్చినవాడికి దక్కింది. భర్తను పోగొట్టుకున్న అమ్మాయి ఆ సినిమా ఆపమని కోర్టుకెక్కవలసి వచ్చింది.

నా అభ్యంతరమంతా ఇక్కడే. హంతకుడి పశ్చాత్తాపం చూసి నేనూ కరిగిపోతాను, కాదనను. కానీ పశ్చాత్తాపం ఎవరి పాలికి వస్తే వాడే కథకు యజమాని అయిపోతున్నాడు. అందువల్ల మన సంఘాల్లో ఈ సినిమాలను ఆపించడం కంటే, అందరం కలిసి చూసి, బేరం ఎక్కడ కుదిరిందని అడగడం మేలు.

ఆరోజు సినిమా అయ్యాక మిర్యాలగూడ సంగతి చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడే దారం తెంపుతూ అడిగింది:

"ఒక్కతే కూతురన్నారు కదండి. మరి ఆ కోటీ ఆ పిల్లకి రావలసిన డబ్బే కదండీ?"