మా ఓర్పుకు సన్మానాలొద్దు, మా బిడ్డలకు జాగా కావాలి

చంటిబిడ్డను చంకనేసుకొని ఎమ్మేలు, పీహెచ్‌డీలు చదివే మా అక్కచెల్లెళ్లకు యూనివర్సిటీ పెద్దలు పాఠం చెబుతున్నారు. కష్టాన్ని తట్టుకోవడమెట్లానో, మనసును అదుపులో పెట్టుకోవడమెట్లానో నేర్చుకోవాలట!

అయ్యా, ఓర్పు మాకు మీరు నేర్పేదా? చెట్టుకొమ్మకు ఉయ్యాలగట్టి, బిడ్డను అందులో వేసి నాట్లేసిన తల్లుల కడుపున పుట్టినోళ్లం. ఏడుపు వినగానే అది ఆకలో, జ్వరమో చెప్పగలం. దొర మొహం చూసి ఇయ్యాల కూలి చేతికొస్తదో రాదో పసిగట్టినోళ్లం. ఎదుటోళ్ల మనసు చదవడం బతుకే నేర్పింది. ఓర్పు మా కాడ కుప్పలున్నది. బిడ్డను పడుకోబెట్టే జాగానే లేదు.

హాస్టల్లో బిడ్డకు చోటు లేదంటారు. బయట గది అద్దెకు పోతే ముందు కులమడుగుతారు. ఊళ్లో అవ్వ దగ్గర వదిలొస్తే అవ్వ కూలి పోతుంది. ఇక్కడ తల్లి రొమ్ములు సలుపుతుంటే క్లాసులో కూర్చోవాలి. హాజరు 75 శాతం లేదని పరీక్ష ఆపుతారు. విసిగి చదువు మానేస్తే ‘పట్టుదల లేదు’ అంటారు. తలుపు మూసినోడిది తప్పు కాదట, తలుపు కాడ కూలబడ్డ దానిది తప్పట!

రూల్సు లేవా? ఉన్నాయి. పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు ఇవ్వొచ్చని యూజీసీ 2016లోనే రాసింది. 2021 డిసెంబరులో డిగ్రీ, పీజీ చదివేవాళ్లకు కూడా సెలవు, హాజరు సడలింపు రూల్సు చేయమని యూనివర్సిటీలకు ఉత్తరం పంపింది. ‘ఇవ్వొచ్చు’ అన్న మాటలోనే ఉంది మోసం. ఇస్తే దయ, ఇవ్వకుంటే అడిగే దిక్కు లేదు. 50 మంది పనిచేసేచోట క్రెష్ ఉండాలని 2017లో చట్టం సవరించారు. అది ఉద్యోగులకు. వేలమంది చదివేచోట విద్యార్థి తల్లి లెక్కలోకి రాదు.

1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ కూలి తల్లుల ప్రసూతి బిల్లును బాబాసాహెబ్ అంబేద్కర్ బలపరిచారు. తల్లికి విశ్రాంతి దేశానికే మేలు, ఆ భారం చాలావరకు సర్కారు మొయ్యాలన్నారు. ‘ఓర్చుకోండి’ అనలేదు.

మేమడిగేది ఇదీ: ప్రతి క్యాంపస్‌లో క్రెష్, పాలిచ్చే గది, తల్లీబిడ్డలకు హాస్టల్ గదులు, స్కాలర్‌షిప్ ఆగని సెలవు, హాజరు సడలింపు. ‘ఇవ్వొచ్చు’ పోయి ‘ఇవ్వాలి’ రావాలి.

ఊళ్లో అన్నలారా, మీకూ ఒక మాట. ‘పిల్ల పుట్టింది, ఇంక చదువెందుకు’ అనకండి. బిడ్డ ఇద్దరిదీ. ఆమె చదువుకునే రాత్రి మీరు బిడ్డను ఎత్తుకోండి. సంఘం పెట్టే ప్రతి డిమాండు కాగితంలో ఈ డిమాండూ రాయండి.

ఓర్చింది చాలు. తలుపు తియ్యండి!