సంతకం మనది, తీర్మానం ఎవరిది?

మా నాన్న ఒక దఫా పంచాయతీ వార్డు మెంబరుగా పనిచేశాడు. ఎస్సీలకు రిజర్వు అయిన వార్డు. సమావేశానికి పిలుపు ఎప్పుడో గానీ వచ్చేది కాదు, తీర్మానాల పుస్తకం మాత్రం తప్పకుండా ఇంటికొచ్చేది. పంచాయతీ మనిషి సైకిలు దిగి, పేజీ తెరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేవాడు. పైన ఏం రాశారో చదువుతానంటే ‘పొద్దుపోయింది, తర్వాత చూద్దువుగానీ’ అనేవాడు.

ఇప్పుడు నేను ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద ఉన్న ఒక కాలేజీలో పాఠం చెబుతున్నాను. కిందటి శీతాకాలంలో మా కాలేజీ ‘సంస్థాగత అభివృద్ధి ప్రణాళిక’ కమిటీలో నన్నూ వేశారు. ఎస్సీ, ఎస్టీ సెల్ తరఫున ఒకరు ఉండాలి కదా. మర్నాడు పదకొండు గంటలకు మీటింగనగా ముసాయిదా రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో వచ్చింది. డెబ్బై పేజీలు, అంతా ఇంగ్లీషే. ‘సమ్మిళితం’ అనే అర్థమొచ్చే మాట ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టడం మానేశాను. రోస్టర్ పట్టిక మాత్రం ఒక్కచోట కూడా లేదు. ఎన్ని రిజర్వుడు పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఎన్నింటిని ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని వెనక్కి నెట్టారు, మన పిల్లలు ఏ సెమిస్టర్‌లో ఎక్కువగా మానేస్తున్నారు? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు.

మీటింగులో అదే అడిగాను. ‘అది అడ్మిన్ సెక్షన్ విషయం మేడమ్ జీ, ఇక్కడ విజన్ మాట్లాడుకుంటున్నాం’ అన్నారు. టీ వచ్చింది, సమోసాలు వచ్చాయి, హాజరు పట్టీ వచ్చింది. వారం తర్వాత మినిట్స్ చూస్తే ‘సభ్యులందరూ చర్చించి హర్షం వ్యక్తం చేశారు’ అని ఉంది. నేను ఎప్పుడు హర్షించానో నాకే తెలియదు.

ఇదేదో మా కాలేజీ నిర్వాకమని తోసేస్తే తప్పు చేసినట్టే. 2020 జాతీయ విద్యా విధానం ఈ ప్రణాళికను బోర్డు సభ్యులు, సంస్థ నాయకత్వం, అధ్యాపకులు, విద్యార్థులు, సిబ్బంది కలిసి తయారుచేయాలని చెబుతుంది. వినడానికి బాగుంది. అదే విధానం ప్రతి ఉన్నత విద్యాసంస్థకూ ఒక పాలక బోర్డు ఉండాలంటుంది. కొత్త సభ్యులను గుర్తించే నిపుణుల కమిటీని ఆ బోర్డే వేస్తుంది, ఆ తర్వాత ఎంపిక చేసేదీ ఆ బోర్డే. సమానత్వ అంశాలను దృష్టిలో పెట్టుకోవాలని ఒక వాక్యం చేర్చారు, అంతే. దృష్టిలో పెట్టుకోకపోతే ఏమిటన్నది లేదు. మన ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ కూడా తన పెద్దమనుషులను తానే ఎంచుకునేది. దాన్ని స్వయంప్రతిపత్తి అనేవాళ్లం కాదు.

పాత పద్ధతి బంగారమని నేననను. ఢిల్లీ విశ్వవిద్యాలయం కాలేజీల గవర్నింగ్ బాడీలో అధ్యాపకులకు దక్కేది రెండు స్థానాలు, అవీ సీనియారిటీ వరుసలో తిరుగుతాయి. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఓబీసీ కోటా అధ్యాపకులు రావడం 2007 తర్వాతే మొదలైంది. ఎస్సీ, ఎస్టీ పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండిపోయాయి. నాలుగు నెలలకోసారి రెన్యువల్ చేసే అడ్‌హాక్ కొలువుల్లో మనవాళ్ల వయసు కరిగిపోయింది. ఆ వరుసలో మనం ఎక్కడ నిలబడ్డాం? తలుపు ఆలస్యంగా తీసి, ముందొచ్చినవాళ్లకే ముందు కుర్చీ అంటే కులం పేరు ఎత్తకుండానే కులం పని జరిగిపోతుంది.

కుర్చీ లేకపోతే ఏమవుతుందో 2013లో చూశాం. అంతకుముందు డిసెంబరులో అకడమిక్ కౌన్సిల్‌లో కొందరు అసమ్మతి చెప్పినా నాలుగేళ్ల డిగ్రీని ముందుకు తోశారు. అదనపు ఏడాది ఖర్చు ఎవరి ఇంటి మీద పడుతుందన్నది ప్రశ్నగా కూడా లేదు. 2014 జూన్‌లో దాన్ని వెనక్కి తీసుకున్నారు, 2022లో కొత్త విద్యా విధానం పేరుతో మళ్లీ తెచ్చారు. రెండుసార్లూ మొదటి తరం విద్యార్థిని ముందుగా అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు అదే విశ్వవిద్యాలయం 2047 దాకా వ్యూహాత్మక ప్రణాళిక రాసుకుంది. పాతికేళ్ల ప్రణాళిక అంటే మన పిల్లల పిల్లల సంగతి.

ఈ గొడవ కొత్తది కాదు. 1927లో బొంబాయి శాసనమండలిలో విశ్వవిద్యాలయ చట్ట సవరణ బిల్లు చర్చకొచ్చినప్పుడు బాబాసాహెబ్ పట్టుబట్టింది దీని మీదే. సెనేట్‌లో వెనుకబడిన వర్గాలకు ప్రాతినిధ్యం ఉండాలన్నాడు. స్కాలర్‌షిప్పుల గురించి అడిగి ఊరుకోలేదు, నిర్ణయాలు జరిగే గదిలోకి దారి అడిగాడు. మనం ఇవాళ సీట్లు, ఫెలోషిప్పుల దగ్గరే ఆగిపోతున్నామేమో అని నాకు అనుమానం. అవి ముఖ్యం కాదని కాదు. ప్రణాళిక రాసే చేయి మనది కానప్పుడు అవి ఏ బడ్జెట్‌లోనైనా కత్తెరకు సిద్ధంగానే ఉంటాయి.

ఇంకొక మాట. ‘సిబ్బంది’ అని ఆ విధానంలో రాశారు కదా, మా కాలేజీ ముసాయిదాలో స్వచ్ఛ క్యాంపస్‌కు రెండు పేజీలున్నాయి. మా అంతస్తు ఊడ్చే వాల్మీకి అక్క కాంట్రాక్టరు మనిషి, అందుకని కాలేజీ లెక్కలో సిబ్బంది కాదు. ఆమెను ఏమైనా అడిగారా అని అడిగాను. ‘హమ్ సే కౌన్ పూఛేగా, మేడమ్’ అని నవ్వి బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది.

నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. రోస్టర్ రిజిస్టర్ ప్రణాళిక మొదటి పేజీలో ఉండాలి. ముసాయిదా కనీసం పదిహేను రోజుల ముందు, హిందీలో కూడా ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అధ్యాపకులూ విద్యార్థులూ తమ ప్రతినిధిని తామే ఎన్నుకోవాలి, ప్రిన్సిపల్ నామినేట్ చేయకూడదు. ఎవరైనా అసమ్మతి చెబితే అది వాళ్ల మాటల్లోనే మినిట్స్‌లోకి ఎక్కాలి. మన అధ్యాపకులు వేర్వేరు కాలేజీల్లో ఒంటరిగా గొణుక్కోవడం మాని, ఏ కాలేజీ ప్రణాళికలో ఏముందో ఒకచోట పెట్టుకుని చదవాలి. ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొన్న రెండో మీటింగు జరిగింది. హాజరు పట్టీ నా దగ్గరకొచ్చినప్పుడు సంతకం పెట్టి, పక్కనే ‘హాజరు మాత్రమే, ఆమోదం కాదు’ అని రాశాను. పట్టీ తెచ్చిన గుమస్తా కాసేపు దానివంకే చూశాడు. అక్కడ అంత చోటు లేదు మేడమ్ అన్నాడు. కాగితం తిప్పి, వెనకవైపు మళ్లీ రాసిచ్చాను.