విశ్వాసంలో దార్ఢ్యం, వాదంలో వినయం

మత వివాదాలకు ఒక విచిత్ర లక్షణం ఉన్నది. భిన్న మతస్థుల మధ్య కంటే ఒకే మతంలోని శాఖల మధ్యనే అవి తరచుగా తీవ్రరూపం దాలుస్తాయి. ఇరుగుపొరుగుల తగవులో లేని పంతం అన్నదమ్ముల తగవులో ఉంటుంది గదా! క్రైస్తవ మతం ఇందుకు మినహాయింపు కాదు. 1529లో జర్మనీలోని మార్బర్గు పట్టణంలో లూథర్, జ్వింగ్లీ అనే ఇరువురు సంస్కర్తలు సమావేశమై, 15 అంశాలలో 14 అంశాలపై ఏకీభవించారు. ప్రభు భోజన సంస్కారంలోని రొట్టె, ద్రాక్షారసాలలో క్రీస్తు ఏ రీతిగా ఉంటాడనే ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ వారిని విడదీయడానికి సరిపోయింది.

అయితే ఈ చరిత్రకు మరొక పుట కూడా ఉన్నది. అది మన దక్షిణ భారతంలో రచింపబడింది.

మన దేశంలో పనిచేసిన ప్రొటెస్టంటు మిషన్లు చాలావరకు ప్రాంతాలను పంచుకొని ప్రచారం సాగించాయి. అందువల్ల ఒక జిల్లాలోని క్రైస్తవుడు ఆంగ్లికన్ అయితే, పక్క జిల్లాలోని క్రైస్తవుడు మెథడిస్టో, ప్రెస్బిటేరియనో అయ్యేవాడు. అతడు ఆయా సిద్ధాంతాలను తర్కించి ఎన్నుకున్నవాడు కాడు. తన ఊరికి ముందుగా ఏ మిషన్ వచ్చిందో దాని శాఖ అతని శాఖ అయింది. ఐరోపాలో పుట్టిన కలహాలకు ఇక్కడి పల్లెలు వారసులయ్యాయి.

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది గురువులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ విభజనలు తాము కోరి తెచ్చుకున్నవి కావని, వీటిని తొలగించుకోవడం తమ కర్తవ్యమని వారు ప్రకటించారు. వారిలో అగ్రగణ్యులు డోర్నకల్ బిషప్పు అజరయ్యగారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించిన ఈ తమిళుడు తెలుగు నేర్చి, తెలుగువారి మధ్యనే జీవితం గడిపి, 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు.

సంకల్పం సులభం, సాధన కఠినం. చిక్కంతా బిషప్పు పదవి వద్ద వచ్చింది. అపొస్తలుల కాలం నుండి పరంపరగా వచ్చిన బిషప్పుల హస్తనిక్షేపం ద్వారానే గురువుకు అధికారం లభిస్తుందని ఆంగ్లికన్లలో పెక్కుమంది నమ్మకం. క్రీస్తు నామమున కూడిన ప్రతి స్థానిక సంఘమూ తనకు తానే సంపూర్ణమని కాంగ్రిగేషనల్ వారి నమ్మకం. గురువులూ పెద్దలూ కలిసిన సభలదే పరిపాలన అని ప్రెస్బిటేరియన్ల పద్ధతి. ఇవి పైపై ఆచారాలు కావు. బిషప్పు లేకుండా అభిషేకం పొందిన గురువు నిజమైన గురువేనా, అతడు పంచిన రొట్టె నిజమైన సంస్కారమేనా అనే ప్రశ్న వీటిలో ఇమిడి ఉన్నది. "మీ తండ్రితాతల ఆరాధన చెల్లదు" అనిపించుకోవడానికి ఎవరు మాత్రం ఒప్పుకుంటారు?

సంప్రదింపులు 28 ఏండ్లు సాగాయి. తుదకు కుదిరిన ఒడంబడిక గమనింపదగినది. బిషప్పు పదవిని అందరూ అంగీకరించారు; కాని దానిని గూర్చిన ఏ ఒక్క సిద్ధాంత వ్యాఖ్యానాన్నీ అందరిపై రుద్దలేదు. అప్పటికే గురువులుగా ఉన్నవారిని మరల అభిషేకించకుండానే స్వీకరించారు. ఇకపై అభిషేకాలన్నీ బిషప్పుల చేతుల మీదుగా జరగాలన్నారు. రెండు రకాల గురువులూ కలిసి పనిచేస్తూ ఒకటయ్యేందుకు 30 ఏండ్ల గడువు పెట్టుకున్నారు. అంతవరకూ, మనస్సాక్షి ఒప్పని గురువును ఏ సంఘం మీదా బలవంతంగా నియమించబోమని వాగ్దానం చేసుకున్నారు.

1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. 1945 జనవరి 1న కన్నుమూసిన అజరయ్యగారు ఆ దినాన్ని చూడలేదు.

కథ ఇక్కడ ముగిస్తే సగమే చెప్పినట్లవుతుంది. ఈ ఐక్యతను వ్యతిరేకించినవారందరూ సంకుచితులు కారు. విరుద్ధ విశ్వాసాలను అస్పష్టమైన మాటలతో కప్పిపుచ్చుతున్నారని ఆంగ్ల కవి టి. ఎస్. ఎలియట్ 1943లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. డోర్నకల్ మండలంలోనే ఉన్న నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో పెక్కుమంది 1947లో కొత్త సంఘంలో చేరక, తమ పూర్వ సంఘంలోనే నిలిచారు. నంద్యాల మండలం దక్షిణ ఇండియా సంఘంలో చేరింది 1975లో. ఐక్యతను ప్రేమించేవాడి వినయానికి అసలు పరీక్ష ఇటువంటి చోటనే. తనతో ఏకీభవించే వానిని ఆలింగనం చేసుకోవడం ఎవరికైనా సులభమే. "నేను రాను" అన్నవానికి కూడా మనస్సాక్షి ఉన్నదని గుర్తించి, అతనిపై ద్వేషం లేకుండా వేచి ఉండడం కష్టం.

వినయమంటే అన్ని నమ్మకాలూ ఒక్కటేనని తేల్చివేయడం కాదు. ఆ 28 ఏండ్లు వాదించినవారిలో ఎవరూ తమ విశ్వాసం అల్పమైనదని అనుకోలేదు. అనుకుంటే అంతకాలం పట్టేదే కాదు. సత్యం వేరు, సత్యాన్ని గూర్చి తమకు గల అవగాహన వేరు అని మాత్రం వారు ఒప్పుకున్నారు. మన ఎరుక ఇప్పటికి కొంతమట్టుకేనని కొరింథు సంఘానికి బోధించిన పౌలు, సువార్త విషయంలో ఎంత దృఢచిత్తుడో అందరికీ తెలిసినదే. ఒకే వ్యక్తిలో ఆ రెండు గుణాలూ ఇమిడాయి.

తరువాతిసారి విశ్వాస విషయమై ఎవరితోనైనా వాదానికి దిగినప్పుడు మనల్ని మనం మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఎదుటివాని అభిప్రాయాన్ని, "ఔను, నేను చెప్పేది అదే" అని అతడే తల ఊపేటట్లు నేను చెప్పగలనా? నా నమ్మకంలో నేను ఆలోచించి గ్రహించినది ఎంత, పుట్టిన ఇంటినుంచి సంక్రమించినది ఎంత? అతనివల్ల నేను నేర్చుకోవలసినది ఏదైనా ఉండవచ్చునని నిజంగా భావిస్తున్నానా? మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకున్న పిమ్మట కూడా మన అభిప్రాయం మారకపోవచ్చు. కాని మన కంఠస్వరం తప్పక మారుతుంది. ఎన్నో సంఘాలలో, ఎన్నో కుటుంబాలలో, బంధం తెగకుండా నిలవడానికి ఆపాటి మార్పే చాలు.