సంతకమునకు ముందు

గడచిన మాసమున మా గూడూరి యిల్లాలొకతె కొంగుచాటున నొక కాగితము తెచ్చి మాచేతి కిచ్చినది. ఆమె కుమారునకు ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ విద్యాలయమున జేరు భాగ్యము కలిగినది. “అమ్మగారూ, పంతులుగారు బడికెళ్లారట. ఇందులో ఏముందో మీరైనా చదివి చెప్పండి, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టగలను” అని నవ్వినది.

చదివితిమి. శిక్షణలో దెబ్బ తగిలినను, ప్రాణమే పోయినను పరిహార మడుగజాలమని తలిదండ్రు లొప్పుకొనవలయును. కారణము తన చేతిలోనిదై పిల్లవాడు నడుమ విడిచి వచ్చెనేని, చదువు, తిండి, బట్టల వ్యయము తిరిగి చెల్లింపవలసి వచ్చును. ఆమె నవ్వు మాసిపోయినది.

విద్యాలయమువారే పంపివేసిన నేమగును? క్రమశిక్షణ తప్పెననియో, చదువున వెనుకబడెననియో, దేహము చెడెననియో పంపుట కలదు. శిక్షణ ముగిసి కమిషను పొందువరకు పిల్లవా డధికారి కాడు. అందుచే నంగవైకల్యముతో నిలు చేరినవారికి మాజీ సైనికుల హోదాయు, వారి పింఛనును లేకపోయెను. 1985 మొదలు సుమారు 500 మంది యిట్లు వైద్యకారణములచే వెడలింపబడిరని పత్రికలలో రాగా, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంత తానే యా విషయమును విచారణకు గైకొన్నది. ఆ నెలలోనే ప్రభుత్వము వీరికి మాజీ సైనికుల వైద్యపథకమును వర్తింపజేసినది. ఇన్నేండ్లకా యని మా కనిపించినది.

నేరారోపణ సంగతి వేరు. కురుసభలో ద్రౌపది తన ప్రశ్న తానే యడుగవలసి వచ్చెను. పెద్దలు తలలు వంచుకొనగా, వికర్ణుడను కుర్రవాడొక్కడు లేచి పలికెను. అతని మాట నెగ్గలేదు గాని సభకు వినబడినది. పదునెనిమిదేండ్ల బిడ్డ పెద్ద యధికారుల యెదుట నొంటిగా నిలిచినపుడు వికర్ణు డెవరు? శాఖాపరమైన విచారణలలో వకీలును వెంట దెచ్చుకొనుట సాధారణముగా హక్కు కాదు. అవతలిపక్షమున న్యాయశాస్త్ర మెరిగినవారు నిలిచి, యివతలివానికి వకీలును నిరాకరించుట యన్యాయమని బొంబాయి రేవు ఉద్యోగి వ్యాజ్యమున 1982లో సుప్రీంకోర్టు చెప్పినది. కావున వకీలు పని తరచుగా గది వెలుపలనే: సంజాయిషీ నోటీసునకు బదులు వ్రాయుట, ఆధారపత్రముల నకళ్లడుగుట, గడువు దాటనీయకుండుట. ఉత్తరువు వెలువడిన పిదప 226వ అధికరణము ననుసరించి హైకోర్టు నాశ్రయింపవచ్చును. భయపడి “నా యిష్టముచే విడిచితిని” అని బిడ్డ వ్రాసి యిచ్చినచో, పైన జెప్పిన వ్యయము మెడకు చుట్టుకొనవచ్చును. తల్లులు బిడ్డలకు ముందుగా జెప్పవలసిన దిదియే.

ఆడపిల్లలకు 2021లో సుప్రీంకోర్టు ఉత్తరువుచే నా ద్వారము తెరువబడెను. 2022లో జేరిన తొలిజట్టులో 17గురు 2025 మే 30న విద్యాలయమునుండి ఉత్తీర్ణులై వెడలిరి. 1987నాటి చట్టమున స్త్రీకి, ఆదాయ మెంతయైనను, ఉచిత న్యాయసహాయము కలదు. బందరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ మనకు దగ్గర. 15100 అను సంఖ్యకు ఫోను చేసినను చాలును.

ఆమె నకలు వ్రాయించుకొని సంతకము పెట్టినది. గడపకడ నిలిచిన చిన్నకూతురు “మామ్మగారూ, ఆడపిల్లల కాగితంలోనూ ఇవే మాటలుంటాయా?” అని యడిగినది. ఇవే యని చెప్పితిమి.